పఫ్ వేసినవాడిదే మొహం

పెళ్ళికూతుళ్ళ తల్లులు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "అక్కా, మీరు మద్రాసులో సినిమాలకి చేసేవారట కదా, ఎవరెవరికి మేకప్ చేశారు?" న్యూజెర్సీలో, ఎడిసన్‌లో మా ఇంటి బేస్‌మెంట్‌లో అద్దం ముందు కూతుర్ని కూర్చోబెట్టి, తాము పక్క కుర్చీలో సర్దుకుని మరీ అడుగుతారు. నేను ఎవరి పేరూ చెప్పను. పొగరనుకుంటారు. పొగరు కాదు. చెబితే ఇంటికెళ్ళి ఆ సినిమా పెట్టుకుని టైటిల్స్ చూస్తారు. మేకప్ అన్నచోట ఒక మగవాడి పేరు కనిపిస్తుంది. ఈవిడ కోతలు కోస్తోంది అనుకుంటారు. దానికంటే పొగరుబోతునని పేరు పడటమే నయమని ఊరుకుంటాను.

ఆ మగవాడెవరో చెప్పాలంటే మా నాన్న దగ్గర మొదలుపెట్టాలి. మా నాన్న మేకప్ మేన్. తెనాలి వైపు నుంచి వెళ్ళి మద్రాసు కోడంబాకంలో స్థిరపడ్డాడు. నేను అక్కడే పుట్టాను. మా ఇంట్లో పొయ్యి వెలిగించింది తమిళ సినిమాలే. నాన్న దగ్గర ఇద్దరం పని నేర్చుకున్నాం, నేనూ, నాకంటే పదేళ్ళు పెద్దవాడైన ఒక శిష్యుడూ. అతనిదీ తెనాలి వైపే. నేనతన్ని అన్నా అని పిలిచేదాన్ని, అతను నన్ను పాపా అనేవాడు. చెంప మీద వేలు పెట్టి, ఆ చర్మం కింద పసుపుందో ఎరుపుందో చెప్పడం నాకు పదిహేనేళ్ళకే వచ్చు. అన్న డబ్బా మీద నెంబరు చూసి రంగు కలిపేవాడు. "నెంబరు కాదురా, మొహం చూడు" అని నాన్న నా ఎదుటే అతన్ని తిట్టేవాడు.

పని వచ్చాక ఇద్దరం నాన్న వెంట యూనియన్ ఆఫీసుకి వెళ్ళాం. కార్డు లేకపోతే సెట్టు మీద అడుగు పెట్టనివ్వరు. అన్నకి మేకప్ కార్డు ఇచ్చారు. నాకు హెయిర్ డ్రెస్సర్ కార్డు ఇచ్చారు. ఆడవాళ్ళకి జుట్టు కార్డే, మేకప్ కార్డు ఇవ్వరు, అదీ అప్పటి రూలు. ఎందుకని అడిగితే అక్కడి గుమాస్తా నావైపు కాకుండా నాన్నవైపు చూసి, మేకప్ కూడా ఆడవాళ్ళే చేసేస్తే మగవాళ్ళు ఏం తిని బతకాలి సార్ అన్నాడు. నాన్న నవ్వాడు. నాకు పొట్టకూడు పెట్టిన మనిషి, విద్య నేర్పిన మనిషి, ఆ గుమాస్తాతో కలిసి నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆయన పోయి చాలాకాలమైంది. అయినా మండుతుంది.

అసలు తమాషా ఆ తర్వాత మొదలైంది. వీపుకీ నడుముకీ రంగు వేయించుకోవాలంటే హీరోయిన్లు ఆడమనిషినే అడిగేవారు. ఒకసారి నా చేతి పని చూశాక మొహం కూడా నన్నే చేయమనేవారు. అందుకని మేకప్ రూము తలుపు గడియ వేసుకుని బేసు రంగు, కళ్ళు, కనుబొమలు, పెదవులు అన్నీ నేనే చేసేదాన్ని. చేశాక తలుపు తీసి "అన్నా, రండి" అని పిలిచేదాన్ని. అన్న పౌడర్ పఫ్ పట్టుకుని లోపలికొచ్చి కుడిచెంప మీద రెండు, నుదుటి మీద ఒకటి అద్ది వెళ్ళిపోయేవాడు. దీన్ని మేం పఫ్ వేయించడం అనేవాళ్ళం. దాంతో ఆ మొహం అన్నదైపోయేది. యూనియన్ వాళ్ళు చెకింగ్‌కి వచ్చి మేకప్ ఎవరమ్మా అని అడిగితే హీరోయిన్ అబద్ధం ఆడక్కర్లేదు, చివర్న చెయ్యి వేసింది అతనే కదా. ఎనిమిదేళ్ళు రోజూ ఇదే తంతు. నేను కడుపుతో ఉన్న అమ్మాయి మొహంలో నీరసం దాచాను, జ్వరంతో కాలిపోతున్న అమ్మాయిని పెళ్ళికూతుర్ని చేశాను. పేరు మాత్రం పఫ్‌ది.

పెళ్ళయి 2001లో ఎడిసన్ వచ్చాను. మా ఆయన పొద్దున్నే ట్రైన్ పట్టుకుని ఆఫీస్‌కి పోయేవాడు. నా వీసా మీద పని చేయకూడదు. అందుకని నాట్యం అరంగేట్రం చేసే పిల్లలకి వాళ్ళ ఇళ్ళ బేస్‌మెంట్లలో ఊరికే మేకప్ చేసిపెట్టేదాన్ని. ఇక్కడ పుట్టిన పిల్లలు, బంగారంలాంటి చామనఛాయ వాళ్ళది. వాళ్ళ తల్లులు నా చెవి దగ్గరికొచ్చి, "ఆంటీగారూ, కొంచెం ఫెయిర్‌గా కొట్టండి, ఫొటోలు ఇండియా పంపాలి" అనేవాళ్ళు. గోడకి సున్నం కొట్టమన్నట్టు కొట్టండి అనేవాళ్ళు! ఆ మాట వింటూ నిలబడ్డ పిల్ల మొహం నేను చూసేదాన్ని, తల్లి చూసేది కాదు. కొట్టను అని మొహం మీదే చెప్పడం నాకు ఆ బేస్‌మెంట్లలోనే అలవాటైంది.

గ్రీన్‌కార్డు వచ్చాక బ్యూటీ స్కూల్లో చేరి స్టేట్ పరీక్ష రాశాను. ప్లాస్టిక్ తలకి జడలు వేశాను, నర్సుల్లాగా బ్రష్షులు ఎలా కడగాలో రాశాను. పరీక్ష పెట్టినావిడ నా గోళ్ళు శుభ్రంగా ఉన్నాయా లేదా అని చూసింది. ఆడా మగా అని చూడలేదు. లైసెన్సు మీద నా ఫొటో, నా పేరు. పనిచేసేచోట అందరికీ కనపడేలా గోడకి పెట్టాలి, పెట్టకపోతే తప్పు అని రాసి ఉంది దాని మీద. పార్కింగ్ లాట్‌లో కార్‌లో కూర్చుని ఏడ్చాను. సంతోషంతో అనుకునేరు, కాదు. ఇంత చిన్న విషయానికా నన్ను ఎనిమిదేళ్ళు తలుపు వెనక నిలబెట్టారు అని ఏడ్చాను.

2012 ఎండాకాలంలో ఒక శనివారం పొద్దున్న అన్న ఫోన్ చేశాడు.

"పాపా, నేనమ్మా. ఎడిసన్‌లోనే ఉండావంటగా. మేం మీ ఊరే వస్తన్నాం, షూటింగు. రెండు వారాల షెడ్యూలు. హెయిర్ డ్రెస్సర్ అమ్మాయికి వీసా ఇయ్యలేదు పాపా. ఆ జుట్టు సంగతి కాస్త నువ్వు చూడు. ఇంట్లో మనిషివి గదా."

పదకొండేళ్ళ తర్వాత గొంతు వింటే ముందు ప్రాణం లేచివచ్చింది. జుట్టు అన్న మాట వినగానే ఆ ప్రాణం మళ్ళీ ఉసూరుమంది.

"జుట్టు చూడనన్నా. మేకప్ అయితే వస్తాను. టైటిల్స్‌లో మేకప్ అన్నచోట నా పేరు వెయ్యాలి. మీ పేరు కింద వేసినా సరే, ఆ మాట కింద మాత్రం ఉండాలి."

"అట్టాగే పాపా. అంతకంటేనా."

"మీరు కాదు, డైరెక్టర్ నాతో చెప్పాలి."

మర్నాడు డైరెక్టర్ ఫోన్ చేసి తప్పకుండా వేస్తామక్కా అన్నాడు. తమిళంలో అన్నాడు, మర్యాదగా అన్నాడు. నాకు కావలసింది అదొక్కటే. తెర మీద మూడు సెకన్లు ఉంటుందా పేరు. అందరూ పాప్‌కార్న్ పట్టుకుని సీట్లు వెతుక్కునే టైములో వచ్చి పోతుంది. ఆ మూడు సెకన్ల కోసం నేను పెళ్ళికూతుళ్ళ మేకప్ బుకింగులు రెండు వదులుకుని వెళ్ళాను.

మా ఇంటికి పది నిమిషాల దూరంలో ఒక తెలుగువాళ్ళ ఇల్లు తీసుకున్నారు, సినిమాలో హీరోయిన్ ఇల్లు అదే. మేడ మీద పెద్ద బాత్రూమే మేకప్ రూము. అన్న జుట్టంతా నెరిసి, వయసుకి మించి ముసలివాడైపోయాడు. నన్ను చూడగానే నెత్తి మీద చెయ్యి పెట్టి, "నాన్న పోలికే వచ్చింది పాపా నీకు" అన్నాడు. మొదటి రోజు హీరోయిన్‌కి తనే బేసు వేశాడు. పెద్దవాడు, ముచ్చట పడుతున్నాడు, వెయ్యనీ అనుకున్నాను. ఎప్పటివో పాన్‌కేకు రంగు బిళ్ళలు, అదే నెంబరు, అదే మందం. పాత ఫిల్ము కెమెరాకి అది చెల్లేది. ఇప్పటి డిజిటల్ కెమెరాకి చెల్లదు, ముక్కు పక్కన గీత కూడా దాచదు అది. మానిటర్‌లో ఆ అమ్మాయి మొహం కొత్తగా పెయింట్ వేసిన తలుపులా ఉంది. కెమెరామేన్ కిందనుంచి కేకేశాడు, తుడిచి మళ్ళీ వేసుకు రండి అని.

తుడిచాను. ఆ పిల్లకి ఇరవై మూడేళ్ళుంటాయి, బొంబాయి నుంచి వచ్చింది. మొదటి సినిమా నుంచీ అందరూ తనకి తెల్లరంగే పూశారట. నేను తన రంగే తనకి పల్చగా వేసి, అక్కర్లేనిచోట అసలు వెయ్యకుండా వదిలేశాను. అద్దంలో చాలాసేపు చూసుకుంది. "ఆంటీ, మా అమ్మ చూస్తే నన్ను గుర్తుపడుతుంది ఈసారి" అంది ఇంగ్లీషులో. కింద మానిటర్ దగ్గర ఎవరూ మాట్లాడలేదు. మా పనిలో ఎవరూ మాట్లాడలేదంటే బాగుందని అర్థం. ఆ రోజునుంచీ ఆ పిల్ల మొహం నాదే.

రెండో రోజు పొద్దున్న పని ముగించి బ్రష్షులు తుడుస్తున్నాను. తలుపు మీద రెండు దెబ్బలు వినిపించాయి. అన్న లోపలికొచ్చాడు, చేతిలో పఫ్. నేను చూస్తూ ఉండగానే కుడిచెంప మీద రెండు, నుదుటి మీద ఒకటి అద్దాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"ఏంటన్నా ఇది? ఎవరొస్తారు ఇక్కడికి చెకింగ్‌కి? ఇది న్యూజెర్సీ."

"ఏమో పాపా. అలవాటు."

"నా పౌడర్ చెదిరింది. మళ్ళీ వేసుకోవాలి."

"ఏసుకో అమ్మా. అదెంతసేపు" అని వెళ్ళిపోయాడు.

మూడో రోజూ వచ్చాడు. నాలుగో రోజు తలుపు గడియ వేశాను. తట్టి తట్టి, అక్కడే మెట్ల మీద కూర్చున్నాడు. దిగుతున్న హీరోయిన్‌ని ఆపి మెట్ల మీదే అద్దాడు. ఆ పిల్లకి ఇది ఏమిటో అర్థం కాక, తాతగారు దీవిస్తున్నారనుకుని దండం పెట్టింది. నేను పళ్ళు కొరుక్కుంటూ వెనకే దిగి, పౌడర్ మళ్ళీ సరిచేశాను.

ఐదో రోజు జరిగింది చెప్పడానికి నాకు సిగ్గు. ఆ రోజు పాట. ఎండ ఎక్కకముందే షాట్ తియ్యాలని కింద ఒకటే తొందర. అన్న ఆ రోజు పైకి రాలేదు. ఇంటి వెనక డెక్ మీద కుర్చీ వేసుకుని ఎండలో టీ తాగుతున్నాడు. నేను పెదవులు పూర్తి చేశాను. ఆఖరి గీత గీశాను. బ్రష్ కింద పెట్టి, తలుపు దగ్గరికి వెళ్ళి, గడియ తీసి, "అన్నా, రండి" అని పిలిచాను.

నేనే పిలిచాను. ఎవరూ అడగలేదు, ఎవరూ తట్టలేదు. గోడకి పెట్టుకున్న లైసెన్సు, స్టేట్ పరీక్ష, టైటిల్స్‌లో పేరు వెయ్యాలన్న షరతు, ఇవన్నీ నా తలలో ఉన్నాయి గానీ నా నోట్లో లేవు. నోరు మద్రాసులోనే ఉండిపోయింది. అన్న వస్తున్నా వస్తున్నా అంటూ టీ కప్పు పక్కనపెట్టి, మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. తల కొట్టేసినట్టయింది. అతను అద్దుతుంటే పక్కన నిలబడి చూశాను. అంతకుముందు ఎనిమిదేళ్ళలో నాకు రానంత కోపం ఆ ఒక్క నిమిషంలో వచ్చింది, అది నా మీద.

షూటింగ్ అయిపోయింది. వెళ్ళేముందు అన్న మా ఇంటికి భోజనానికొచ్చాడు. గోంగూర పచ్చడి కలుపుకుంటూ, "పేరు సంగతి నేను చూసుకుంటా పాపా, నువ్వు నిశ్చింతగా ఉండు" అని తనంతట తనే అన్నాడు. నేను నమ్మాను.

మరుసటి ఏడాది సినిమా వచ్చింది. మా ఇంటి దగ్గరి థియేటర్లో శనివారం మధ్యాహ్నం ఆటకి నేనూ, మా ఆయనా, పదకొండేళ్ళ మా అమ్మాయీ వెళ్ళాం. ముందుగా వెళ్ళి కూర్చున్నాం, పాప్‌కార్న్ కూడా కొననివ్వలేదు నేను. టైటిల్స్ ఇంగ్లీషులో పడ్డాయి. మేకప్ అని వచ్చింది. కింద అన్న పేరు. ఒక్కటే పేరు. హెయిర్ డ్రెస్సర్ అని వచ్చింది. కింద వీసా రాని ఆ అమ్మాయి పేరు.

"అమ్మా, నీ నేమ్ ఎప్పుడు వస్తది?" అని మా అమ్మాయి గుసగుసగా అడిగింది.

"చివర్లో వస్తుందేమో" అన్నాడు మా ఆయన.

చివరిదాకా కూర్చున్నాం. కృతజ్ఞతల్లో ఇల్లిచ్చినవాళ్ళ పేరుంది. బిర్యానీ పంపిన రెస్టారెంటు పేరుంది. ఆ ఇంటి కుక్క పేరు కూడా వేశారు, ముద్దుగా ఉంటుందని. "ఇట్స్ ఓవర్ అమ్మా, నీది రాలే" అంది మా అమ్మాయి. లైట్లు వేశారు. సినిమాలో మాత్రం ఆ పిల్ల చాలా బాగుంది. పాటలో ఎండ మొహం మీద పడిన చోట, నేను వెయ్యకుండా వదిలేసిన చర్మం మెరుస్తోంది. అది చూసి గర్వపడాలో ఏడవాలో తెలియలేదు.

ఆదివారం అన్నకి ఫోన్ చేశాను.

"డైరెక్టర్ ఎయ్యమనే అన్నాడు పాపా. నేనే వద్దన్నా" అన్నాడు. ఎంత మామూలుగా అన్నాడంటే, కూరలో ఉప్పు నేనే తగ్గించానన్నట్టు అన్నాడు. "ఆడమనిషి పేరు మేకప్ కింద పడితే గొడవవుద్ది. నా కార్డుకే మోసం. నీకేంది పాపా, అమెరికాలో మహరాణివి. నీకెందుకా పేరు?"

నాకెందుకో అతనికి చెప్పాలని చూశాను. మాటలు దొరకలేదు, కేకలే దొరికాయి. మా ఆయన వచ్చి కిటికీలు మూశాడు. చాలా అన్నాను. వయసుకి మర్యాద ఇవ్వలేదు. అన్న అంతా విని, "నీ కోపం పోయినాక చెయ్యి పాపా" అని పెట్టేశాడు. నేను చెయ్యలేదు.

2014 ఆఖర్లో కోర్టు తీర్పు వచ్చింది. బొంబాయిలో మేకప్ పని చేసే ఆడవాళ్ళు వేసిన కేసు అది. ఆడవాళ్ళకి కూడా మేకప్ కార్డు ఇచ్చితీరాలని దేశంలోని పెద్ద కోర్టు చెప్పింది. ఆ వార్త ఫోన్‌లో చదివినప్పుడు నేను గ్రోసరీ స్టోర్లో కరివేపాకు లైన్లో ఉన్నాను. అందరూ సంతోషించాల్సిన వార్త. నాకు మాత్రం, ఇన్నేళ్ళూ ఏం చేశారు మీరంతా అని అరవాలనిపించింది. ఆ మీరంతాలో నేనూ ఉన్నాను. కేసు వేసింది నేను కాదు. నేను తలుపు తీసి పిలిచినదాన్ని.

2015లో ఒక ఉదయం, నేను ఒక పెళ్ళికూతురి కోసం బ్రష్షులు సర్దుకుంటుంటే, అన్న మళ్ళీ ఫోన్ చేశాడు. గొంతు నిండా సంబరం.

"పాపా, ఆడోళ్ళకి కార్డులిస్తన్నారు. నీకు నేనిప్పిస్తా. నాన్న రుణం తీర్చుకుంటా. నువ్వెంతకాలం చేశావో చూపియ్యాల, అంతే. నీ పేరు పడ్డ సినిమాలేంటో రాసి పంపు."

"నా పేరు పడ్డ సినిమా ఒక్కటీ లేదన్నా."

"ఆఁ... అవును గదా. పోన్లే. కార్డున్న మనిషి ఉత్తరం ఇచ్చినా చాలంట. నేనిస్తా. రాసే ఉంచా, ఇను." కాయితం మడత విప్పిన చప్పుడు వినిపించింది. ఈమె ఎనిమిది సంవత్సరాలు నా వద్ద సహాయకురాలిగా ఉండి, కేశాలంకరణతోపాటు మేకప్ పని కూడా చూసి నేర్చుకున్నది అని చదివాడు. చదివి, ఎలా ఉంది అన్నట్టు ఆగాడు.

నేను ఈసారి అరవలేదు. కూర్చున్నాను. నాకు ఆ కార్డుతో పని లేదు, నేను మళ్ళీ మద్రాసులో సెట్టు మీదికి వెళ్ళేది లేదు. అయినా నాకది కావాలి. పెళ్ళికూతుళ్ళ తల్లులకి చూపించడానికి కాదు. ఆ మొహాలు నావి, అంతే.

"చూసి నేర్చుకోలేదన్నా. నేను చేశాను. అది రాయండి. ఏ సినిమాలు, ఎవరి మొహాలు, తలుపు వేసుకుని ఎవరు చేశారు, అన్నీ మీకు గుర్తున్నాయి. ఉన్నది ఉన్నట్టు రాసి సంతకం పెట్టండి."

అవతల కాయితం మళ్ళీ మడిచిన చప్పుడైంది. అప్పుడు అన్న నెమ్మదిగా అడిగాడు.

"అది రాస్తే, ఇన్నేళ్ళూ నేనేం చేసినట్టు పాపా?"

ఆ గొంతులో మోసం లేదు. నిజంగా అడుగుతున్నాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, పుట్టి బుద్ధెరిగాక నన్ను మొదటిసారి ఒక ప్రశ్న అడిగాడు. జాలేసింది. జాలేసినందుకు నామీద నాకే ఇంకా కోపమొచ్చింది.

"అది కూడా రాయండన్నా" అన్నాను.